తప్పులు దిద్దించుకోవడానికి భూపాలపల్లి దాకా: నా జపాను చదువు

జపాను భాష నేర్చుకోవాలంటే జపాను వెళ్లనక్కర్లేదు, భూపాలపల్లి వెళితే చాలని నాకు తెలిసేసరికి డెబ్బై ఏళ్లు దాటాయి. నా పేరు అండాలమ్మ. జనగామ మార్కెట్ రోడ్డులో మాది కిరాణా హోల్‌సేల్ దుకాణం. నాకు అక్షరం రాదు. ఇదంతా నేను చెబుతుంటే మా కోడలు సునీత ఫోన్లో కొడుతోంది. నేను ‘పోయిన’ అంటే తను ‘వెళ్లాను’ అని రాస్తుంది, నలుగురూ చదివేది అలాగే ఉండాలట. సరే అన్నాను. కానీ మనుషులు మాట్లాడిన చోట మాత్రం వాళ్ల నోటి మాటే ఉంచమని గట్టిగా చెప్పాను. నాలాగా ఆలస్యంగా ఏదైనా నేర్చుకోవాలని ఉండి, ఎవరైనా నవ్వుతారేమోనని ఆగిపోయినవాళ్లు ఉంటే, ఈ దారి మీకు పనికొస్తుంది.

ఇదంతా కంటి ఆపరేషన్‌తో మొదలైంది. కొన్నాళ్లు టీవీ చూడొద్దు, దుకాణంలో మిర్చి ఘాటుకు వెళ్లొద్దు అన్నాడు డాక్టర్. నల్ల అద్దాలు పెట్టుకుని మంచం మీద పడుకుంటే సునీత ఫోన్లో భజనలు పెట్టి వంటింట్లోకి వెళ్లింది. భజన అయిపోయాక ఫోను తన ఇష్టం వచ్చినట్టు ఇంకేదో ఎత్తుకుంది. కాసేపటికి ‘అత్తమ్మ’ అని వినిపించింది. ఏందే అన్నాను. జవాబు లేదు. మళ్లీ ‘అత్తమ్మ’. ఏందో చెప్పవేమే అని కసిరాను. సునీత గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి, తను పిలవనే లేదంది. అప్పుడు ఫోన్లో ఆడమనిషి తెలుగులో చెప్పింది: జపాను భాషలో ‘అతమ’ అంటే తల. నేను లేచి కూర్చున్నాను. “చూసినవా, ఆళ్లకు ఎరికైంది. అత్తమ్మంటే తలకాయ. ఇంటికి తలకాయ,” అన్నాను. సునీత గరిటె పట్టుకుని నవ్వుతూనే ఉంది. ఆ రోజు నుంచి భజనలు తగ్గాయి.

ఆ ఆడమనిషి శైలజ టీచర్. కొన్నేళ్లు జపానులో వృద్ధాశ్రమంలో పనిచేసి వచ్చి, ఇప్పుడు భూపాలపల్లిలో అలాంటి పనికి వెళ్లే ఆడపిల్లలకు భాష నేర్పుతోంది. ఫోన్లో కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక గ్రూపు పెట్టింది. రోజూ నాలుగు మాటలు చెబుతుంది, మనం పలికి పంపాలి. నాకు పిచ్చి పట్టింది. వాళ్ల మాటలో చేసే పని మనలాగే చివరికొస్తుంది. నేను అన్నం తిన్నాను అన్నట్టే వాళ్లూ నేను, అన్నం, తిన్నాను అంటారు. పేరు తర్వాత మనం అన్న, అక్క తగిలించినట్టు వాళ్లు ‘సాన్’ తగిలిస్తారు. గడప దగ్గర చెప్పులు విడుస్తారు. ముక్కూ మొహం తెలియని ముసలామెను కూడా ‘ఒబాసాన్’, అంటే అవ్వా అని పిలుస్తారు. ఇన్నాళ్లూ వీళ్లు మనకు దూరం వాళ్లని ఎవరన్నారో! దుకాణంలో పప్పు కొలుస్తూ ఇచి, ని, సాన్ అని లెక్కపెట్టేదాన్ని. మా గుమాస్తా నాకు ఎండ దెబ్బ తగిలిందేమోనని మజ్జిగ తెచ్చిచ్చాడు.

కానీ ఒక విషయం ముల్లులా గుచ్చుకునేది. టీచర్ అందరి తప్పులూ దిద్దేది. ఫలానా మాట సాగదీశావు, మళ్లీ పలుకు అనేది. నేను పంపితే మాత్రం “చాలా బాగుంది అవ్వా” అని చప్పట్లు కొట్టే బొమ్మ పెట్టేది. నాలుగు నెలలు అవే చప్పట్లు. మా దుకాణంలో కొత్తగా చేరినవాడు తూకం తప్పితే నేను తిడతాను. తిట్టడం మానేశానంటే వాడి మీద ఆశ వదులుకున్నానని అర్థం. మరి నా మీద ఆశ లేదనేగా? ఇంతలో ఆదివారం ఆదివారం భూపాలపల్లిలో ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే క్లాసు మొదలవుతుందని, ముందు చిన్న రాత పరీక్ష ఉంటుందని చెప్పింది. నేను ఫోన్ చేసి నాకూ సీటు కావాలన్నాను. రాయడం రాకపోతే కష్టం, మీరు ఇంట్లో హాయిగా వినండి చాలు అంది టీచర్. ఆ ‘చాలు’ అనే మాటే నన్ను రైలెక్కించింది.

జనగామ నుంచి భూపాలపల్లికి సూటి దారి హనుమకొండ, పరకాల మీదుగా. నేను మాత్రం మహబూబాబాద్ చుట్టూ తిరిగి వెళ్లాను, దానికో కారణం ఉంది. గ్రూపులో జ్యోతి అని ఒక పిల్ల ఉంది. బయ్యారం దగ్గర తండా వాళ్లది. పరీక్ష రాయాలి, అక్కడే హాస్టల్లో చేరాలి. ఒక్కదాన్నే పంపడానికి వాళ్లమ్మకు భయం. నాకేమో బస్సు బోర్డు చదవడం రాదు. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి అవుతాం అన్నాను. ఆదివారం పొద్దున ఏడు దాటాక జనగామలో రైలెక్కాను. జనరల్ టికెట్ వంద రూపాయల లోపే. కాజీపేట దాకా నిలబడే చోటు కూడా లేదు, వరంగల్ దాటాక కాళ్లు చాపుకునే వీలైంది. మాఘం పోయి ఎండలు ముదురుతున్న రోజులు కదా, కేసముద్రం వచ్చేసరికి కిటికీలోంచి ఎండుమిర్చి వాసన. రైలు డబ్బాలో అందరూ తుమ్ముతుంటే నేనొక్కదాన్నే ఇంట్లో ఉన్నట్టు కూర్చున్నాను.

తొమ్మిదిన్నరకల్లా మహబూబాబాద్. మావైపు దీన్ని మానుకోట అంటాం. స్టేషన్ బయట జ్యోతి, వాళ్లమ్మ నిలబడి ఉన్నారు. తల్లి కూతురికి వాళ్ల ఇంటి మాటలో ఏవేవో జాగ్రత్తలు చెబుతోంది, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అంది: “అమ్మా, ఇది నోరు తెరవదు. తిట్టయినా మాట్లాడియ్యి.” తిట్టడానికి నన్ను ఇంతవరకూ ఎవరూ బతిమాలలేదు. సంతోషంగా ఒప్పుకున్నాను.

బస్టాండ్‌లో నర్సంపేట బస్సు తయారుగా ఉంది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ బస్సులో కూడా టికెట్ సున్నా. కార్డు మర్చిపోవద్దు. కండక్టర్ వచ్చి ఎక్కడికి అవ్వా అన్నాడు. జ్యోతి నోరు తెరిచేలోపు “జపాన్ పోవాలె” అన్నాను. అతను మిషన్ వైపు చూస్తూనే, “జపాన్‌కు నర్సంపేటల బస్సు మారాలె,” అని రెండు సున్నా టికెట్లు చింపి ఇచ్చాడు. బస్సు బస్సంతా నవ్వింది. ముందు సీట్లో ఒకామె వెనక్కి తిరిగి, జపానులో ఎవరున్నారని అడిగింది. ఎవరూ లేరు, అందుకే వెళ్తున్నా అన్నాను.

గంటంబావు దారి. జ్యోతితో మాట్లాడించడానికి, రాయడం రాదు అనే మాట జపానులో ఎట్లా చెప్పాలో నేర్పమన్నాను. ‘జి గ కకెమాసెన్’ అంది. చెవులున్నాయి అంటే? ‘మిమి గ అరిమాస్’. ఈ రెండు ముక్కలనే మొక్కజొన్న చేలు, మిర్చి కల్లాలు దాటుతూ జపం చేశాను. జ్యోతి కాస్త చనువుగా కూర్చున్నాక, వాళ్ల ఇంటి మాటలో అక్షరాలు ఎట్లుంటాయని అడిగాను. “మా మాటకు అక్షరాలే లేవవ్వా. తెలుగు అక్షరాలల్లనే రాస్కుంటం, రాయాల్నంటే,” అంది. మరి మీ నాయనమ్మ? “ఆమెకు అవి గూడ రావు. గని తండల ఆమె నోటికి ఎవ్వలు ఎదురు జెప్పరు.” ఆ మాట నేను కొంగున ముడేసుకున్నాను.

నర్సంపేట బస్టాండ్‌లో చాయ్ పది రూపాయలు. జపానులో చాయ్‌ని ‘ఒచ’ అంటారు కదా, చాయ్ బండి దగ్గర ఆమెను రెండు ఒచ ఇయ్యమన్నాను. ఆమె గిన్నె దించి, “వచ్చినవ్ గదా, ఇగ కూసో,” అంది. అక్కడి నుంచి ములుగుకు ఒక బస్సు, ములుగు నుంచి భూపాలపల్లికి ఇంకొకటి. ములుగులో అరగంట ఎదురుచూశాం. ఘనపురం దాటాక బొగ్గు టిప్పర్లు ఎదురవుతాయి. ఊరు దగ్గరపడే కొద్దీ రోడ్డు పక్క చెట్ల ఆకులు పచ్చగా కాక బూడిద రంగుగా కనిపిస్తాయి. తెల్ల చీర కట్టుకుని వెళ్లకండి. ఒంటి గంట దాటాక దిగాం. బస్టాండ్ నుంచి క్లాసు జరిగే ఇంటికి ఆటో మనిషికి ఇరవై.

అది మేడ మీద రెండు గదుల ఇల్లు. మెట్ల దగ్గర చెప్పుల వరుస, ముందు భాగం బయటికి తిప్పి పెట్టి ఉన్నాయి. జపాను పద్ధతట. నేనూ అలాగే తిప్పి పెట్టాను. ఆ రోజు ఒక అతిథి కూడా వచ్చాడని, అక్కడి పిల్లలు అనుకుంటుంటే విని జ్యోతి నా చెవిలో చెప్పింది. పేరు మొరిత. శైలజ టీచర్ పనిచేసిన ఆశ్రమం పెద్దమనిషి, పిల్లల్ని చూడడానికి వచ్చాడు. సాయంత్రం లోపు హైదరాబాద్ వెళ్లిపోతాడు. టీచర్ నన్ను చూసి నిజంగానే సంతోషపడింది, కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. నేను నీళ్లు తాగకుండా గ్లాసు పక్కన పెట్టి సీటు సంగతి ఎత్తాను.

టీచర్ చెప్పిందీ అబద్ధమేమీ కాదు. ఈ పిల్లలు తర్వాత పెద్ద పరీక్ష రాయాలి, అందులో చదవడం రాయడం ఉంటాయి, సీట్లు కొన్నే. ఒకరి కోసం ఆగితే అందరూ ఆగిపోతారు. నేనూ నా వాదన చెప్పాను. ఏ పసిపిల్లా పలక పట్టుకుని పుట్టదు. ముందు వింటుంది, తప్పుగా అంటుంది, పెద్దలు దిద్దుతారు. అక్షరం తర్వాత వస్తుంది, నాకు రాలేదు, అయినా యాభై ఏళ్లుగా మార్కెట్‌లో నా మాట చెల్లుతోంది. చివరికి జ్యోతి భుజం పట్టుకుని ముందుకు నిలబెట్టాను.

“గీ పిల్లోల్ల ఇంటి మాటకు అక్షరాలే లేవు బిడ్డా. మరి గది భాష గాదా?”

జ్యోతి నేల చూపులు చూస్తూ, “మా నాయనమ్మ గుడ గిట్లనే అంటది మేడం,” అంది. తండాలో నోరు తెరవని పిల్ల మేడమ్ ముందు అన్న మొదటి మాట అది. టీచర్ నవ్వింది కానీ మెత్తబడలేదు. పరీక్ష అయ్యాక మాట్లాడదాం అవ్వా అని పిల్లల్ని లోపలికి తీసుకెళ్లింది. నాకు తెలుసు, దుకాణంలో అప్పు అడిగేవాడికి నేనూ తర్వాత చూద్దాం అనే చెబుతాను.

వరండాలో ఒక్కదాన్నే కూర్చున్నాను. కాసేపటికి ఒక సన్నటి మనిషి, తెల్ల జుట్టు, బయటికి వచ్చి చెప్పులేసుకుంటున్నాడు. మొరిత అతనే. మెట్లు దిగితే కారు, కారెక్కితే హైదరాబాద్. నేర్చుకున్న మాటలన్నీ ఆ క్షణంలో ఎటో పోయాయి. జనగామలో ఎవరినైనా ఆపాలంటే నోటికి ఏమొస్తుంది? అదే వచ్చింది.

“అన్నో, జర ఆగు!”

అతను ఠక్కున ఆగి వెనక్కి తిరిగాడు. “హాయ్?” అన్నాడు, తల కొంచెం వంచి. హాయ్ అంటే వాళ్ల మాటలో చిత్తం, చెప్పండి అని. నేను తెలుగులో పిలిస్తే ఈయన జపానులో పలకడమేంటని నాకు అర్థం కాలేదు. తర్వాత టీచర్ చెప్పింది: ఎవరినైనా మర్యాదగా ఆపాలంటే వాళ్లు కూడా ‘అనో’ అనే అంటారట. ఏమైతేనేం, మనిషి ఆగాడు. నేను లేచి నడుం వంచి దండం పెట్టి మొదలుపెట్టాను. వతాషి వ అండాలమ్మ-సాన్ దేస్. జి గ కకెమాసెన్. మిమి గ అరిమాస్. నా పేరు, నాకు రాయడం రాదు, చెవులున్నాయి. చెవులు పట్టుకుని చూపించాను కూడా. అతను గబగబా ఏదో అన్నాడు, ఒక్కటీ అందలేదు. మధ్యాహ్నం రెండయింది, మన ఇంటికి వచ్చిన మనిషిని ముందు అడగాల్సిందేమిటో అది అడిగాను. గోహన్ తబేమాషిత కా? అన్నం తిన్నవా? అతను నవ్వి, ‘మద’ అన్నాడు. ఇంకా లేదట.

నా సంచిలో సర్వపిండి ఉంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, మిరపపొడి వేసి గిన్నెకు అద్ది కాల్చింది. డబ్బా తీసేసరికి పరీక్ష ముగించుకుని టీచర్, పిల్లలు బయటికి వచ్చారు. అందరూ చుట్టూ నిలబడి చూస్తున్నారు. అతను ముక్క తుంచుకునేందుకు చెయ్యి చాపితే మణికట్టు ఎముక కనబడింది. నా ప్రాణం ఊరుకోలేదు. టీచర్‌తో అన్నాను:

“పాపం, గింత బక్కగున్నడేంది? మరీ బక్క మనిషి!”

మొరిత చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. జ్యోతి నా కొంగు లాగి, “అవ్వా, బక అంటే ఆళ్లకు తెలివి లేనోడని,” అని గొణిగింది. నా సీటు మెట్లు దిగి వెళ్లిపోతున్నట్టు అనిపించింది. కానీ నోరు జారితే నోటితోనే సర్దుకోవాలి. ‘గొమెన్ నసాయ్’ అన్నాను, క్షమించమని. నా మణికట్టు చూపించి, అతని మణికట్టు చూపించి, రెండు వేళ్లతో సన్నగా ఇంత అని పట్టి చూపించాను. డబ్బా ముందుకు తోసి ‘తబేతె కుదసాయ్’ అన్నాను, తినమని. టీచర్ బక్క అంటే ఏమిటో వివరంగా చెప్పింది. అతను తన చెయ్యి తానే చూసుకుని, గోడకు ఆనుకుని మరీ నవ్వాడు. పిల్లలు కూడా అప్పుడే గాలి పీల్చారు. తర్వాత ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి. కారమా అని అడిగాను. ‘కరాయి, కరాయి’ అంటూ ఇంకో ముక్క తీసుకున్నాడు. వాళ్లకూ కారం కరాయే!

నీళ్లు తాగి అతను టీచర్‌తో చాలాసేపు మాట్లాడాడు. టీచర్ మాకు చెప్పింది. ఆశ్రమంలో ముసలివాళ్లు కోపం వస్తే అతన్ని కూడా ఆ మాటే అంటారట. ఇక్కడి నుంచి వెళ్లిన పిల్లలకు అక్షరాలన్నీ వస్తాయి, కానీ ఒక ముసలామె కసిరిందంటే నోరు మూగబోయి, గదిలోకి వెళ్లి ఏడుస్తారట. వీళ్లకు కసిరే అవ్వ ముందే దొరికితే మంచిది కదా అన్నాడట. టీచర్ నా చేతులు పట్టుకుంది. ఆదివారం మాట్లాడే గంటలో నేను ఆశ్రమంలో ముసలామెలాగా కూర్చోవాలి, పిల్లలు అన్నం పెట్టాలి, దుప్పటి కప్పాలి, నేను వంకలు పెట్టాలి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. “ముసలిదాని ఏషం కట్ట రాలే బిడ్డా, నేర్సుకోను వచ్చిన. ఏషం కడ్త. గని అందరికి దిద్దినట్టు నా తప్పులు గుడ దిద్దాలె.”

“దిద్దుత అవ్వా,” అంది టీచర్. అంతవరకూ పుస్తకం భాషలో మాట్లాడిన మనిషి.

“అందరి ముందట?”

“అందరి ముందట. ఇప్పుడే మొదలువెడ్తున్న. నువ్వు నీ పేరు చెప్పినప్పుడు సాన్ అంటున్నవ్. ఎవలన్న ఎదుటోల్లను సాన్ అంటరు గని, తమ పేరుకు తామే తగిలించుకోరు.”

పిల్లలు కిసుక్కున నవ్వారు. జ్యోతి అందరికంటే గట్టిగా నవ్వింది. అండాలమ్మ గారినండీ అని నాలుగు నెలలుగా నన్ను నేనే మర్యాద చేసుకుంటున్నానన్నమాట! చప్పట్ల బొమ్మలు పెట్టి అలాగే అననిచ్చావా అని టీచర్‌ని అక్కడే కడిగేశాను. తర్వాత నడుం వంచి, వతాషి వ అండాలమ్మ దేస్ అన్నాను. ‘దే’ సాగదీస్తున్నావు, మళ్లీ అనమంది. మళ్లీ అన్నాను. మళ్లీ అంది. ఐదోసారికి గాని వదల్లేదు.

పరీక్ష గట్టెక్కి జ్యోతి హాస్టల్లోనే ఉండిపోయింది. నేను నాలుగున్నర బస్సుకు పరకాల మీదుగా హనుమకొండ, అక్కడి నుంచి ఇంకో బస్సులో జనగామ చేరేసరికి ఎనిమిది. దారంతా పెదవులు ఆడుతూనే ఉన్నాయి, పక్కనామె నేను స్తోత్రం చదువుకుంటున్నాననుకుని కాస్త జరిగి చోటిచ్చింది. ముసలితనంలో జనం మనల్ని గౌరవిస్తారు, కుర్చీ ఇస్తారు, చెప్పిందల్లా బాగుందంటారు. తప్పని చెప్పడం మాత్రం మానేస్తారు. అప్పుడే మనం ఉన్నచోట ఆగిపోతాం. ఆ రోజు పిల్లల ముందు ఐదుసార్లు తప్పన్నప్పుడు నాకు కొత్త చీర కట్టుకున్నంత సంతోషమైంది. ఇంటికి రాగానే సునీతకు కూడా చెప్పాను, ఈ రాతలో తప్పులుంటే చదివినవాళ్లు మొహమాటపడకుండా చెప్పాలని రాయమని. రాసింది.

మీరూ ఆదివారం వెళ్లేటట్టయితే ఒక్క మాట. భూపాలపల్లిలో తిరుగు బస్సు దారిలో ఆపి ఎక్కుదామనుకోకండి, సాయంత్రం కిక్కిరిసి వస్తాయి. ఆటో చేసుకుని బస్టాండ్‌కే వెళ్లి ఎక్కితే హనుమకొండ దాకా కూర్చుని రావచ్చు.